నక్కకి టోపీ, రెండు షిల్లింగులు

కీత్లీ లైబ్రరీ నేలమాళిగలో
శనివారాలు నా పని అట్టపెట్టెలు విప్పడం.
పదిహేడో పెట్టె మీద పెన్సిల్‌ రాత:
థ్రెల్‌ఫాల్ అచ్చు కార్ఖానా. తడిసింది. జాగ్రత్త.
మూత తీస్తే బూజు, కలరా ఉండలు,
అడుగునెక్కడో ఇంకా చావని సబ్బు వాసన.

మొదట నక్క వచ్చింది.
అరచేతిలో పట్టే అట్టముక్క, అంచుకి బంగారు పూత.
గళ్ళ కోటు తొడుక్కుని, మీసం దువ్వుకుని
పందిరి కింద వెనక కాళ్ళ మీద నిలబడి
గుత్తికేసి చూస్తోంది.
అందని ద్రాక్ష పుల్లన అన్న నక్కే,
నాకు రెండో తరగతి నుంచీ తెలుసు.
ఇక్కడ మాత్రం మాట మార్చింది:
"హగ్గిల్ వెనిగర్ రుచి చూశాక
ఏ ద్రాక్షైనా నాకు తీపే!"
వెనకవైపు సీసా బొమ్మ, ధర.
పన్నెండు కార్డులు కూడబెట్టిన పిల్లలకి
రంగుల డబ్బా ఉచితం.

తర్వాత కాకి.
గంగలో మునిగినా హంస కాదంటాం మనం.
లిల్లీక్రాఫ్ట్ సబ్బు వాళ్ళు ఒప్పుకోలేదు.
తొట్టిలో సగం కాకి,
ఒడ్డున తెల్లగా, మెడ సాగదీసి, సిగ్గుపడుతూ
మిగతా సగం.
కార్డు పట్టుకున్న నా వేళ్ళకేసి ఒకసారి చూసుకుని
పక్కన పెట్టేశాను.

గోధుమరంగు కాగితం కింద పందొమ్మిది వందల పదిహేను.
అదే నక్క.
ఎడమ చెవి దగ్గర రాతిపలక మీద పడ్డ గీత
రెండింటిలోనూ ఉంది, పుట్టుమచ్చలా.
గళ్ళ కోటు ఇప్పుడు బూడిదరంగు,
నెత్తిన మేకు దిగిన ఇనప టోపీ.
ద్రాక్ష ఉన్నచోట ఒక చిన్న ఊరు,
గంటస్తంభం, మంట.
నోటి ముందు మాటల్లేవు. పళ్ళే.

దాని వెనకే వలలో సింహం.
తాడు కొరుకుతున్న ఎలుకకి ఎవరో తలపాగా చుట్టారు.
"చిన్నవాడి సాయమూ సాయమే."
వల తెగాక ఎలుక సంగతేమిటో రాయడానికి
కార్డులో చోటు చాల్లేదు.

జమాఖర్చుల పుస్తకం కూడా ఉంది, బొమ్మలేసే ఈనాక్ బారాక్లఫ్‌ది.
నక్కకి టోపీ: రెండు షిల్లింగులు.
ద్రాక్ష చెరిపినందుకు: ఆరు పెన్నీలు.
ఎలుకకి పాగా: ఒక షిల్లింగు, ఎరుపు అదనం.

అన్ని కార్డులూ కొత్తవే, ఒక్కటి తప్ప.
ఆ టోపీ నక్క వెనక
వంకర టింకర పెన్సిలు అక్షరాలు:
"అమ్మా, ఇక్కడ వాన. మేజోళ్ళు అందాయి.
నక్కని గుర్తుపట్టావా? మన వెనిగర్ నక్క!
వీడి మీదికే పంపారు మమ్మల్ని, నవ్వొచ్చింది.
నా రంగుల డబ్బా హార్టీకి ఇచ్చెయ్యి.
నీలం అయిపోయింది, చెప్పు వాడికి.
క్లెమ్."

చిరునామా తడికి కరిగిపోయింది.
మిగిలింది చివర "క్లఫ్" అన్న ముక్కే.
ఈ లోయలో సగం ఇంటిపేర్లు అలాగే ముగుస్తాయి.
జవాన్ల కార్డు అచ్చువాళ్ళ పెట్టెలోకి
ఎలా తిరిగొచ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు.
పుస్తకంలో ఆ నవంబరు తర్వాత
ఈనాక్ మళ్ళీ జంతువుని గీయలేదు.
సీసాలు. లేబుళ్ళు. ఒకచోట, సీసా మూత.

మా ఇంట్లో ఏ కథైనా చివరికి కంచికి పోయేది,
మనం ఇంటికి.
ఈ కథ ఎటూ పోలేదు,
పదిహేడో పెట్టెలో తడిసి కూచుంది.
ఇంటికెళ్ళాల్సిన వాడి సంగతి నాకు తెలీదు.

ఐదయింది. పైన కుర్చీలు ఎత్తుతున్న చప్పుడు.
ఫారంలో "విషయం" అన్న గడి ఒక్కటే,
ప్రకటనలా, యుద్ధమా, నీతికథలా,
ఒకటే రాయాలట.
చాలాసేపు కలం మూత నమిలి
రంగుల డబ్బా అని రాశాను.
పరిస్థితి అన్న గడిలో:
నీలం లేదు.